పక్షుల వంతు

మా నాయన కంటికి కొంగంటే కూర.
గుర్రపు తోక వెంట్రుకతో ఉచ్చు పన్ని
బురదలో బోర్లా పడుకుని
ఏ పిట్ట కూత కావాలంటే ఆ కూత
పెదాల మీద పలికించేవాడు.
పోతా పోతా నాకిచ్చిన ఆస్తి ఆ కూతలే.
ఇప్పుడు వాటితోనే
బెంగుళూరు నుంచొచ్చిన సార్లకు
ఏ పొదలో ఏముందో చెప్తున్నా.

మెడలో కార్డు.
పేరు: ఏకొల్లు చెంచమ్మ. పని: గైడు.
అది అచ్చేయించిన రోజు మా అత్త
ఎండకు పట్టి చూసింది,
దొంగనోటేమోనని.

దొరవారిసత్రం దాటి, రైలు గేటు దాటి
గాలికి ఉప్పు తగిలే కాడ మా ఊరు.
చెరువులో నడుంలోతు నీళ్ళు,
నీళ్ళలో కడప చెట్లు,
చెట్ల మీద, మంచి యేడైతే,
ఆకు కనపడనన్ని గూడబాతులు.

"సైబీరియా నుంచి వస్తాయంట గదా?" అంటారు.
యాడ నుంచి వస్తాయో నాకు తెలీదు సార్.
కాన్పుకు ఇక్కడికే వస్తాయి.
కాన్పుకు వచ్చే ఇంటిని మేం ఏమంటామో
మీకూ తెలుసు.

ఒకాయన చప్పట్లు కొట్టాడు,
ఎగిరితే ఫోటో బాగుంటుందని.
పడవ వెనక్కి తిప్పమన్నా వేలాయుధాన్ని.
డబ్బులు మాత్రం తిరిగియ్యలా.

మొదటి యేడు బడి వరండాలో
చాప మీద పోసి లెక్కేసుకున్నాం.
పడవకింత, సంకటీ కొరమీను పులుసూ వండినోళ్ళకింత,
కట్ట మీద రాత్రి కాపలాకింత.
ఆయకట్టు రైతులు వంతు అడగలేదు.
రెట్ట కలిసిన నీళ్ళు మడికి పారితే
యూరియా బస్తా మిగిలినట్టేనని
వాళ్ళ తాతల నాటి లెక్క.
అంతా పంచాక, మూలన కూర్చున్న మస్తానమ్మ
"మరి వాటికో?" అంది.
నవ్వాం.
ఆమె నవ్వలేదు.
పద్దులో కొత్త గీత గీశాను:
పక్షుల వంతు, రూపాయికి పావలా.

ఈ యేడు కార్తీకం ఎండలోనే పోయింది.
తుఫానొకటి మంచి పేరే పెట్టుకుని
మనకు చెయ్యూపి ఒంగోలు వైపు పోయింది.
చెరువు అడుగు పెంకులు పెంకులుగా లేచింది.
ఫోన్లు వస్తానే ఉన్నాయి.
"ఉన్నాయా పక్షులు?"
"లేవు సార్."
"నాలుగు కొంగలైనా ఉన్నాయని చెప్పొచ్చు గదా"
రవణయ్య పళ్ళు నూరాడు. కోశాధికారి ఆయన,
పెట్టె బరువు ఆయనకే తెలుసు.

పక్షుల వంతు తీశాం. పంతొమ్మిది వేలు.
ఇంజను బాడుగ, డీజిలు, గొట్టాలు.
పెంచలయ్య లేచి అన్నాడు:
"నా నారు ఎండతా ఉంటే
రాని పిట్టలకు నీళ్ళు పోస్తారా?"
ఎవరికీ జవాబు దొరకలేదు.
ఇప్పటికీ దొరకలేదు.

గొట్టం ఆయన మడి మీదుగానే పోవాలి.
అడ్డం పడలేదు, దగ్గరికీ రాలేదు.
గట్టు దాటే కాడ అతుకు వదులై
నీళ్ళు కారతా ఉన్నాయి.
రోజూ ఆ దారినే నడిచాం అందరం,
చేతిలో స్పానరుతో వేలాయుధం కూడా.
ఎవరమూ బిగించలేదు.

తొమ్మిది పగళ్ళు, తొమ్మిది రాత్రులు.
కడప చెట్ల మడమలు తడిశాయి, అంతే.

పదోనాడు పొద్దున వచ్చింది ఒకటి.
రెక్క కదపకుండా ఒక చుట్టు,
కాస్త కిందికి ఇంకో చుట్టు.
పిలుద్దామని నోరు తెరిచాను.
గూడబాతుకు కూత లేదు.
నాయన నాకు నేర్పలేని పిట్ట
అదొక్కటే.
నోరు మూసుకుని నిలబడ్డాను,
మెడలో కార్డు గాలికి కొట్టుకుంటా ఉంటే.

సాయంత్రం పద్దులో రాశాను:
డీజిలు పద్దెనిమిది లీటర్లు.
గూడబాతు ఒకటి. తిరిగింది. ఇంకా దిగలేదు.

"ఇంకా" ఎందుకు, కొట్టేయమన్నాడు రవణయ్య,
లెక్కల్లో అట్టాంటి మాటలు ఉండవంట.

నేను కొట్టేయలేదు.